మూడో కేక

మా మామ్మ చిట్టమ్మకి మెల్లగా మాట్లాడడం చేతకాదు. గుళ్లో అమ్మవారి చెవిన వేసే కోరిక కూడా ప్రసాదం వరసలో చివర నిలబడ్డ మనిషి దాకా వినిపిస్తుంది. కోడలికి తెలియకుండా కోడలి మీద చెప్పే చాడీ కూడా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర తేలుతుంది. ఆ గొంతే ఆవిడకి అన్నం పెట్టింది. రుషికొండకి పోయే రోడ్డు వారనున్న మా గంగమ్మపేట ఒడ్డున ముప్పై ఏళ్లుగా చేపల వేలం పాడేది మామ్మే. బోటు ఇసకలోకి ఎక్కగానే బుట్టలు దింపుతారు. హోటళ్లవాళ్లు, ద్వారకా నగర్ దాకా గంపలు మోసే ఆడవాళ్లు చుట్టూ మూగుతారు. మామ్మ నడుముకి చెంగు బిగించి మధ్యలో నిలబడుతుంది.

ఒకటోసారి, రెండోసారి దాకా ఆవిడ పాట రైలులా పోతుంది. మూడోసారికి ముందు మాత్రం ఆగుతుంది. తల పూర్తిగా తిప్పి, ముందున్నవాళ్లనీ, వాళ్ల భుజాల వెనకున్నవాళ్లనీ, రోడ్డు మీద బండికి స్టాండు వేసి అక్కడి నుంచే తొంగిచూసేవాళ్లనీ ఒక్కొక్కరిగా చూస్తుంది. ఎండెక్కిపోతోందని కొనేవాళ్లు గోల పెడతారు.

"బేగి తేల్సీయమ్మా, హోటల్ తెరిసే టైమైపోయింది!"

"మొదటి కేక ఇన్నోడికి. రెండోది బేరమాడినోడికి. మూడోది నోరు పెగల్నోడికి. ఆడి నోరు పెగిలీ దాకా ఆగాల, మరేటి?"

ఇంట్లోనూ అంతే. చివరి వేపుడు ముక్క కూడా మూడు కేకలు పడకుండా ఎవరి కంచంలోనూ పడదు. మూడో కేక కోసం ఆవిడ అటూ ఇటూ చూస్తుండగా పిల్లి ఎత్తుకుపోయిన రోజులున్నాయి. అప్పుడు కూడా "అది నోరు తెరిసింది, మీరు తెరవలేదు" అందే గాని తన తప్పని ఒప్పుకోలేదు.

ఆ మొండితనం విలువ ఏమిటో పోయిన కార్తీకంలో పేటకి తెలిసింది.

మామ్మ కొడుకు, మా బాబాయి అర్జునరావుకి ఫైబరు బోటుంది. వేట నుంచి రాగానే ఇంజను విప్పి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం ఒడ్డున అందరికీ అలవాటు. ఆ రోజు అర్జునరావుకి జ్వరం. వణుక్కుంటూ ఇంటికొచ్చి పడుకున్నాడు. ఇంజను బోటుకే ఉండిపోయింది. తెల్లారేసరికి బోటుంది, ఇంజను లేదు.

మామ్మ కొడుకుని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్లింది.

"ఎవరి మీదైనా అనుమానం ఉందా అమ్మా?" అని అడిగాడు కానిస్టేబులు.

"ఉంది బాబూ. నిన్న మా కోడలి మీద ఉంది, మొన్న మా పిల్లి మీద ఉంది. అనుమానానికేటి, రోజుకొకరి మీదుంటాది. తీస్తండగా సూసినావా అని అడుగు. సూళ్లేదు."

కానిస్టేబులు నవ్వేసి, పేరు లేకుండానే రాసుకున్నాడు.

వాళ్లు ఇల్లు చేరేసరికే పేట దొంగని పట్టేసింది. వాట్సాప్‌లో నాగబాబు ఫోటో తిరుగుతోంది, ముఖం చుట్టూ ఎర్ర గుండ్రం. తెల్లవారక ముందు భుజాన గోనెమూటతో అతన్ని చూశానని పక్క వీధి దుర్గారావు చెప్పాడట. నాగబాబు ఇంజను చెడిపోయి నెలలైంది. వాడికి ఇంజను కావాలి, వీళ్ల ఇంజను పోయింది, అంతకంటే ఏం కావాలి అన్నారు అందరూ. మూటలో ఏముందో చెప్పరా అంటే నాగబాబు పెదవి విప్పడం లేదు. అంతే, ఒప్పుకున్నట్టే అన్నారు.

ఈ నాగబాబంటే మామ్మకి ఒళ్లు మంట. భీమిలి నుంచి ఇల్లరికం వచ్చాడు. ఇంజను చెడిపోయినా తెడ్డేసుకుని దగ్గర్లోకే వెళ్లి, ఇంత పొడుగు వంజరం చేపలు తెస్తాడు. తెచ్చి ఊరుకుంటాడా? "ఇంజను నేకపోతేనేటి, సేపే నన్ను ఎతుక్కుంటా వస్తాది" అని ఒడ్డంతా వినేలా చెప్పుకుంటాడు. ఒకసారి అందరి ముందూ "మీ అర్జునరావుకి ఇంజనుందత్తా, సెయ్యి నేదు" అన్నాడు. ఆ రోజు రాత్రి మామ్మ అన్నం తినలేదు. వాడి వంజరాలకి వేలం పాడాల్సి వచ్చినప్పుడల్లా గొంతులో ముల్లు పడ్డట్టు పాడేది. అయినా పాట తగ్గించింది మాత్రం లేదు. "ఇప్పుడే దిగిన సేప! కన్ను సూడండి, కన్ను!" అని మంచి ధరే పలికించేది.

కాబట్టి నాగబాబు మీద మొదటి రాయి మామ్మే వేస్తుందని పేట అంతా అనుకుంది.

మా పేటలో తగువు తీర్చడానికి ఒక పద్ధతుంది. కమ్యూనిటీ హాల్లో రెండు చాపలు వేస్తారు. ఒకటి సొమ్ము పోయినవాళ్లది, రెండోది నింద పడ్డవాడిది. ఎదురుగా కుర్చీల్లో పెద్దలు. నింద పడ్డవాడు తన గురించి తాను చెప్పుకోకూడదు. వాడి తరఫున ఇంటి పెద్ద కూర్చుని మాట్లాడాలి; వాడు ఏం చెప్పినా ఆ పెద్ద చెవిలోనే చెప్పాలి. తప్పు ఖాయమైతే ఒడ్డు మూసేస్తారు. అంటే వాడి బోటు ఇసకలోకి లాగడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు, వాడి చేపకి వేలం పాడరు, వాడికి ఐసు కూడా పొయ్యరు. చేపల వేటే బతుకైన వాడికి ఒడ్డు మూస్తే ఇంక ఊరు వదలడమే. ఆపైన వాడి పేరు స్టేషనుకి పంపిస్తారు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. నాగబాబు తన చాప మీద తల దించుకుని ఒక్కడే కూర్చున్నాడు. భార్య దేవి గుమ్మం పట్టుకుని నిలబడింది. దేవి తండ్రి పోయి చాలా కాలమైంది. భీమిలి వాళ్లు ఎవరూ రాలేదు.

"నాగబాబు తరఫున ఎవులు?" అన్నాడు పేట పెద్ద తవిటయ్య.

భీమిలి వాళ్లెవరైనా వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాడు.

"ఎవులూ నేరు. అయితే మరి..."

"ఆగు బావా," అంది మామ్మ.

కొడుకు పక్క నుంచి లేచి, మోకాళ్లు పట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, నాగబాబు చాప మీద కూలబడింది. హాలు గొల్లుమంది.

"అమ్మా! మన సాప ఇటు!" అని అరిచాడు అర్జునరావు.

"ఇటు నువ్వున్నావు కదరా. అటు ఎవులున్నారు?"

"పోయింది నీ ఇంజనే గదా సిట్టమ్మా?" అన్నాడు తవిటయ్య.

"నాదే. అందుకే బావా. ఎవులు తీసినారో నాకు సరీగా తెలాల. మీరు ఈడిని తోలేత్తారు. నిజంగా తీసినోడు రేపొద్దున నా పక్కనే నిల్సుని సందువాలు బేరమాడతాడు. నాకేటి లాభం?" అని నాగబాబు వైపు తిరిగింది. "ఒరే, నువ్వంటే నాకు గిట్టదు. ముందే సెప్తన్నాను."

"తెల్సత్తా," అన్నాడు నాగబాబు, తల ఎత్తకుండా.

దుర్గారావుని లేపారు. దుర్గారావు చెడ్డవాడేం కాదు. తను చూసిందే చెప్తున్నానని అతని నమ్మకం.

"ఇంకా తెల్లారనేదు. బుజం మీద గోనెమూట. ఒంగిపోయి నడుస్తన్నాడు. అంత బరువు ఇంజను కాకపోతే ఏటవుతాదత్తా?"

"మూట సూసినావా, ఇంజను సూసినావా?"

"మూటే."

"మూటలో ఇంజను సూసినావా?"

"మూట కట్టినాక లోపలుంది ఎలగ కనపడతాది?"

"అంటే సూళ్లేదు. సరే. ఆడి ముకం నీ వైపా, ఈపు నీ వైపా?"

"ముకమే. ఎదురొచ్చినాడు."

"నువ్వెక్కడికెల్తన్నావు?"

"నాను రోడ్డు మీదికి, టీకి."

"అంటే ఆడు రోడ్డు మీంచి ఒడ్డుకొస్తన్నాడు. నా ఇంజను ఉన్నాదే ఒడ్డు మీద గదరా! ఎత్తుకెల్లినోడు మళ్లీ మోసుకుని ఒడ్డుకెందుకొస్తాడు, నా ఒంట్లో బాగున్నాదో లేదో అడగడానికా?"

హాలు నవ్వింది. దుర్గారావు ముఖం చిన్నబోయింది. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టలేదు.

"ఎత్తుకెల్లి రోడ్డు అవతల మూట కట్టి, మళ్లీ తెచ్చి ఆడి బోటులో దాసుంటాడు!" అన్నాడు అర్జునరావు.

మామ్మ "అదీ నిజమే" అని లేచి, మళ్లీ హాలు దాటి కొడుకు చాప మీదికి వెళ్లి కూర్చుంది. అక్కడి నుంచి నాగబాబుని గదమాయించింది. "ఒరే, ఇంజను కాకపోతే మూటలో ఏటున్నాదో సెప్పు! సెప్పడానికి నీకేటి నొప్పి?" అని అడిగి, లేచి ఇవతలికొచ్చి నాగబాబు పక్కన కూర్చుని, "ఆడు సెప్పనంత మాత్రాన దొంగైపోడు. సెప్పుకోలేనివి మనందరికీ ఇళ్లల్లో ఉన్నాయి" అని తనకి తనే జవాబిచ్చింది. మళ్లీ లేవబోయింది.

"సిట్టమ్మా, ఒక్క సాపని కూకో. సూడలేక నాకు మెడ నొప్పొస్తన్నాది," అన్నాడు తవిటయ్య.

"ఆడి తరఫున ఇంకొకర్ని కూకోబెట్టు, నానెందుకు తిరుగుతాను?"

ఇంకొకరు ఎవరూ రాలేదు. నాగబాబు నోరు తెరవలేదు. పెద్దల్లో విసుగు మొదలైంది. సెప్పనోడే దొంగ అన్నారొకరు, పొద్దుపోతోందన్నారు ఇంకొకరు. తవిటయ్య గొంతు సవరించుకున్నాడు.

మామ్మ లేచి నిలబడింది. "బావా, మన ఒడ్డు మీద కవ్వళ్లంత సిన్న సేపల బుట్టకి కూడా మూడు కేకలు పడకుండా పాట తెగదు. మనిషికి ఒక్క కేకతో తెంపేత్తారా? పాట నాను పాడతాను. మూడోసారికి ఎవులూ నోరు తెరవకపోతే ఒడ్డు మూసేయండి. నానే మూస్తాను."

తవిటయ్య పక్కనున్నవాళ్ల వైపు చూశాడు. ఆ పద్ధతిని కాదనడం ఆ హాల్లో ఎవరికీ చేతకాలేదు. అందరూ ఆ కేకల మీద బతికేవాళ్లే.

"ఇంజను నాగబాబు తీసినాడనీ... ఒకటోసారీ!"

కిటికీ రెక్కలు అదిరాయి.

"నాగబాబే తీసినాడనీ... రెండోసారీ!"

ఆగింది.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో మామ్మకి కూడా వీడే తీశాడని సగానికి పైగా నమ్మకం. వీడి నోటి దురుసు గుర్తొస్తోంది. జ్వరంతో పడుకున్న కొడుకు, ఇంజను లేక బోసిపోయిన బోటు వెనక చెక్క కళ్ల ముందున్నాయి. మూడోసారి అనేస్తే అయిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు. పైగా మెచ్చుకుంటారు. కానీ ఆ మెడకి వేరే అలవాటు లేదు. దానంతటదే తిరిగింది. కుర్చీల్లో పెద్దల్ని చూసింది. గోడవార ఆడవాళ్లని చూసింది. గుమ్మంలో దేవిని చూసింది. చివరికి వంగి, చాప మీద కూర్చున్న నాగబాబుని చూసింది.

"కానీ అత్తా," అన్నారెవరో.

"ఆగు."

నాగబాబు చాప అంచు గోటితో గీకుతున్నాడు. గీకుతున్న వేలు ఆగింది.

"వంజరం," అన్నాడు.

"ఏటి?"

"మూటలో వంజరం. రెండు."

"ఆడు మాట్లాడకూడదు," అన్నాడు తవిటయ్య.

"ఆడి తరఫున నోరు నాదే గదా బావా. నా నోరు ఆడికిత్తన్నాను. సెప్పరా. సేపని మూట కట్టి రోడ్డు మీంచి తెచ్చినావేటి?"

"హార్బర్లో కొన్నాను."

దొంగతనం కూడా హాలుకి ఇంత వింత కాదు. జాలరికి చేప పడకపోవడం ఉంటుంది. పడ్డ చేప జారిపోవడం ఉంటుంది. చేప కొనుక్కొచ్చి, తడిపి, నేనే పట్టానని చెప్పుకున్నవాడి గురించి పేట ఎప్పుడూ వినలేదు.

"ఇంజను సెడినకాడ నుంచీ ఇదే బతుకు," అన్నాడు నాగబాబు. ఒకసారి మొదలెట్టాక మాట ఆగలేదు. "సీకట్లో హార్బరుకెల్లి, ఐసు సేపలమ్మే ఫ్రాన్సిస్ కాడ కొంటాను. బోటులో ఏసుకుని అలలు దాటి కాసేపు కూకుంటాను. ఎలుగొచ్చినాక తెస్తాను. దొంగంటే ఒడ్డు మూస్తారు, ఎల్లిపోతాను. ఈ మాట సెప్తే సచ్చీదాకా నవ్వుతారు. ఏటి సెప్పమంటావు?"

ముందు మామ్మకి కోపం రాలేదు, నవ్వూ రాలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు ముఖం పెట్టింది.

"ఒరే. ఆ సేపలకి పాట పాడింది నాను."

"అవునత్తా."

"ఇప్పుడే దిగింది, కన్ను సూడండని..."

"నువ్వే అన్నావత్తా. నానెప్పుడూ కన్ను సూడమన్నేదు."

అప్పుడు పేలింది హాలు. కుర్చీలో తవిటయ్య పొట్ట పట్టుకున్నాడు. గుమ్మంలో దేవి ఏడుస్తూ నవ్వుతోంది. ముప్పై ఏళ్లుగా చేపని వాసనతోనే కనిపెడతానని చెప్పుకున్న ముక్కు నెలల తరబడి ఐసు చేప దగ్గర పడుకుంది! మామ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది, తప్పు దానిదే అన్నట్టు.

ఇంకొకరైతే ఆ నవ్వులోనే హాలు దాటిపోయేవాళ్లు. మామ్మ కదల్లేదు.

"నవ్వడం అయిపోతే ఫ్రాన్సిస్‌కి ఫోను కలపండి. ఈడు సెప్పినాడని ఒగ్గేత్తామేటి? దుర్గారావు మాట ఎలగ అడిగినామో ఈడి మాటా అలగే అడగాల. బావా, ఇంజను ఊసెత్తకు. ఆడికి దారి సూపించకు. ఊరికే అడుగు."

తవిటయ్య ఫోను స్పీకరు మీద పెట్టాడు. హార్బరు గోల మధ్య నుంచి ఫ్రాన్సిస్ గొంతు వచ్చింది.

"గంగమ్మపేట నాగబాబు బావా? ఎందుకు తెల్దు! మొన్న అర్జునరావు బావకి జ్వరమని సెప్పినాడు, ఆ తెల్లారే కదా రెండు వంజరాలు గోనెలో కట్టి ఆటో ఎక్కించినాను. ఆయనతో ఒకటే గొడవండీ. ఐసు పలుకు ఒక్కటి కూడా కనపడకూడదంటాడు. తుడిసి తుడిసి మా కుర్రోళ్ల సేతులు తిమ్మిరెక్కిపోతన్నాయి."

ఇంక తవిటయ్య ఎవరినీ అడగలేదు. నాగబాబు మీద మాట లేదని, ఒడ్డు తెరిచే ఉంటుందని చెప్పాడు. అందరూ లేస్తుంటే మామ్మ మళ్లీ ఆపింది. ఫోన్లో దొంగన్నారు కాబట్టి దొంగ కాదని కూడా ఫోన్లోనే చెప్పాలంది. పెట్టారు. ఎర్ర గుండ్రం ఫోటోకి పడినన్ని చప్పట్లు దీనికి పడలేదు. ఆ సంగతి మామ్మకి చదివి వినిపిస్తే, "తెల్సు. అందుకే ముందే ఆగాలన్నాను" అంది.

ఇంజను దొరకలేదు. ఇప్పటికీ లేదు. అర్జునరావు జ్వరం తగ్గాక వేరేవాళ్ల బోటు మీద కూలికి వెళ్లడం మొదలుపెట్టాడు. తల్లితో కొన్నాళ్లు మాట్లాడలేదు, ఆవిడ వండింది మాత్రం వదల్లేదు. ఒకరోజు కంచం ముందు కూర్చుని దెప్పాడు.

"అంత తిరిగినావు గదా ఆ సాపకీ ఈ సాపకీ. దొంగెవులో తెలిసినాదేటి?"

"తెలీనేదు."

"మరి?"

"తెలీనేదన్నది తెలిసినాది. ముందు అదీ తెల్దు గదా మీకు." అని వేపుడు ముక్క వడ్డించి, మూడు కేకలు లేకుండానే ఇంకో ముక్క కూడా వేసింది. అంతకంటే పెద్ద క్షమాపణ ఆవిడ దగ్గర ఉండదు.

వారం తిరక్కుండానే నాగబాబు ఒడ్డుకొచ్చాడు. మూట లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు మీంచే నడిచొచ్చాడు. బుట్టలో వంజరం, దాని చుట్టూ తెల్లగా ఐసు. ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక సముద్రం వైపు పెట్టుకున్నాడు. బుట్ట తెచ్చి మామ్మ ముందు దింపాడు. కొనేవాళ్లు ఒకరినొకరు పొడుచుకున్నారు.

మామ్మ చెంగు బిగించింది. వంగి, ఈసారి చేపని రెండుసార్లు వాసన చూసింది.

"హార్బరు వంజరం! ఐసు వంజరం! కన్ను సూడకండి, బాగోదు! రుసి సూడండి, పరవానేదు!"

నవ్వులు. ఎవరూ పాట ఎత్తలేదు.

"ఒకటోసారీ! రెండోసారీ!"

ఆగింది. తల తిప్పింది. నాగబాబు బుట్ట తీసుకోడానికి వంగుతున్నాడు.

"ఆగరా. ఇంకా తెగనేదు."

వెనక వరసలో, ఎవరి భుజమో అడ్డం పెట్టుకుని, దుర్గారావు నిలబడి ఉన్నాడు. ఆ ఆదివారం తర్వాత అతను నాగబాబు ఎదురుపడితే వీధి మారుతున్నాడు. మామ్మ చూపు అతని మీద పడి అక్కడే ఉండిపోయింది.

"నాకియ్యత్తా," అన్నాడు దుర్గారావు, మెల్లగా.

"ఎంతకి?"

"నువ్వెంతంటే అంత."

"అలగ కుదర్దు. పాట పాటే. నలుగురూ ఇనీలాగ సెప్పు."

దుర్గారావు ముందుకొచ్చాడు. నాగబాబు ముఖం చూసి, గట్టిగా ధర చెప్పాడు. మంచి ధరే. సంచి తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.

మామ్మ ఇంకా మూడోసారి అనలేదు. మెడ పూర్తిగా తిప్పి, రోడ్డు మీద బండికి స్టాండు వేసి చూస్తున్న వాళ్లనీ ఒక్కొక్కరిగా చూస్తోంది.